డిమెన్షియాలో కుంగుబాటు: సూక్ష్మ రక్తనాళాల పాత్రపై ఒక పరిశీలన

డిమెన్షియా రోగి దిగులుగా ఉంటే, జ్ఞాపకశక్తి పోతున్నందుకు బాధపడుతున్నాడని అనుకోవడం పరిపాటి. తనకేదో అవుతోందని రోగికి తెలిసే తొలిదశలో అది చాలావరకు నిజమే. అయితే తన మరుపు సంగతి తనకే పట్టని దశలోనూ కుంగుబాటు కనిపిస్తుంది. అక్కడ మనోవేదన ఒక్కటే కారణమంటే సరిపోదు.

1997లో జార్జ్ అలెక్సోపౌలోస్ బృందం, రంగా కృష్ణన్ బృందం విడివిడిగా ‘వాస్క్యులర్ డిప్రెషన్’ అనే భావనను ముందుకు తెచ్చాయి. మలివయసులో మొదటిసారి వచ్చే కుంగుబాటుకు కొందరిలో మెదడు రక్తనాళాల జబ్బే మూలం కావచ్చునన్నది దాని సారాంశం.

శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతం. శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో మాత్రం దాదాపు ఐదోవంతు దానికే కావాలి. మెదడు లోతుల్లోని తెల్ల పదార్థానికి రక్తం అందించేవి పొడవైన సన్నని ధమనులు. కాలువలో నీటిమట్టం తగ్గితే ముందు ఎండేవి శివారు భూములే, ఇక్కడా అంతే. ఏళ్ల తరబడి అదుపు తప్పిన బీపీ, షుగర్ ఈ నాళాల గోడలను మందంగా, బిరుసుగా మార్చి దారిని ఇరుకు చేస్తాయి. ఆ నష్టం ఎమ్మారై స్కాన్‌లో తెల్లని మచ్చలుగా కనిపిస్తుంది. మచ్చల తీవ్రతను 0 నుంచి 3 వరకు లెక్కగట్టే ఫజెకాస్ కొలమానం 1987 నుంచి వాడుకలో ఉంది. నుదుటి వెనుక ఉండే ఫ్రాంటల్ భాగాన్ని లోపలి కేంద్రాలతో కలిపే తంతువులు ఈ ప్రాంతం గుండానే వెళతాయి. అవి దెబ్బతింటే పనికి పూనుకోవడం, ఒక ఆలోచన నుంచి మరో ఆలోచనకు మళ్లడం కష్టమవుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇలా దెబ్బతిన్న మనిషి దుఃఖంలో ఉన్నట్టా, లేక ఏ పనీ చేయబుద్ధి కాని నిరాసక్తతలో ఉన్నట్టా? సూక్ష్మ రక్తనాళ వ్యాధి ఉన్నవారిపై 2015లో ‘బ్రెయిన్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, తెల్ల పదార్థం దెబ్బతినడానికి బలమైన సంబంధం కనిపించింది నిరాసక్తతతోనే గాని కుంగుబాటుతో కాదు. డిమెన్షియాలో కుంగుబాటును కొలిచే కార్నెల్ కొలమానం (1988) సంరక్షకుల మాటలపై ఎక్కువగా ఆధారపడుతుంది. ఆసక్తి తగ్గడం, కదలికలు మందగించడం, స్పందన లేకపోవడం కూడా అందులో అంశాలే. కంట తడి లేని నిరాసక్త రోగికీ దీనిలో మార్కులు పడతాయి. వాస్క్యులర్ డిప్రెషన్ ప్రతిపాదనకు లభించిన మద్దతులో కొంత ఈ కలగాపులగం వల్ల వచ్చిందేనని నా అభిప్రాయం.

చికిత్స అనుభవం కూడా ఆలోచనలో పడేస్తుంది. ఆల్జీమర్స్ ఉన్న 326 మందిపై బ్రిటన్‌లో జరిగిన పరీక్ష ఫలితాలు 2011లో ‘లాన్సెట్’లో వచ్చాయి. 13 వారాల తర్వాత చూస్తే కుంగుబాటు మందులైన సెర్ట్రలిన్ గాని మిర్టజపిన్ గాని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగైన ఫలితం ఇవ్వలేదు; దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువయ్యాయి. ఇందుకు రక్తనాళాలే కారణమని ఈ పరీక్షను బట్టి తేల్చలేం. అలవాటుగా మందు రాసే పద్ధతిని మాత్రం అది ప్రశ్నార్థకం చేసింది.

నివారణ వైపు ఆశ కొంత ఎక్కువ. అమెరికాలోని స్ప్రింట్ మైండ్ అధ్యయనం (2019) పై బీపీని 140 లోపు ఉంచడాన్ని, 120 లోపు ఉంచడాన్ని పోల్చింది. గట్టిగా తగ్గించినవారిలో స్వల్ప జ్ఞాపకశక్తి లోపం 19 శాతం తక్కువగా కనిపించింది, తెల్ల మచ్చలూ నెమ్మదిగా పెరిగాయి. డిమెన్షియా మాత్రం గణాంకపరంగా నికరంగా తగ్గలేదు. పైగా షుగర్ ఉన్నవారిని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. బీపీ, షుగర్ జంటగా కనిపించే మన తెలుగు రాష్ట్రాల రోగులకు దాన్ని యథాతథంగా వర్తింపజేయడం తొందరపాటే. డిమెన్షియా ముదిరిన వృద్ధుల్లో బీపీ మరీ తగ్గితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదమూ ఉంది.

కాబట్టి మన మెమరీ క్లినిక్‌లు దుఃఖాన్ని, నిరాసక్తతను వేర్వేరు ప్రశ్నలతో విడివిడిగా నమోదు చేయాలి. పక్కనే రోగి బీపీ, షుగర్, స్కాన్ మచ్చల స్థాయి కూడా రాయాలి. ఆ వివరాలు పోగుపడేదాకా, డిమెన్షియాలోని కుంగుబాటంతా రక్తనాళాల పుణ్యమే అనడం సబబు కాదు.