జంక్షన్‌లో వెలసిన పీఠం

కతీడ్రల్ అంటే పెద్ద చర్చి అని సాధారణంగా అనుకుంటారు గానీ, బిషప్ పీఠం ఉన్న చర్చికే, అది ఎంత చిన్నదైనా, ఆ పేరు చెల్లుతుంది. ఆ బిషప్ అధికారం సాగే ప్రాంతాన్ని డయోసిస్ అంటారు. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ కాలం నుంచి పీఠం ఉన్న ఊరిని నగరంగా గుర్తించే ఆనవాయితీ బలపడింది గనుక, వెల్స్ వంటి చిన్న పట్టణం నేటికీ నగరంగానే చలామణి అవుతోంది. బూర్గంపాడు పరిసరాలవారికి అలా పీఠం గల చిన్న ఊరు డోర్నకల్. కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌లో రైలెక్కినవారు కాజీపేట-విజయవాడ ప్రధాన మార్గాన్ని అందుకునేది అక్కడే.

డోర్నకల్‌కు తొలి ప్రాముఖ్యం తెచ్చింది మతం కాదు, బొగ్గు. నిజాం రాజ్యంలో ఇల్లెందు గనుల నుంచి వచ్చే శాఖామార్గం ప్రధాన మార్గంలో కలవడంతో అది జంక్షన్ అయింది. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, అక్కడి క్రైస్తవులు 1903లో స్థాపించుకున్న మిషనరీ సంఘం తరఫున 1909లో ఇక్కడికి వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. తెల్లదొరలు త్యాగాలు చేస్తే చాలదు, స్నేహితులుగా మెలగాలని 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో వారి ముఖం మీదే చెప్పిన మనిషి ఆయన. ఆయన పరిధిలో క్రైస్తవంలోకి వచ్చినవారిలో అత్యధికులు పల్లెల్లోని మాల, మాదిగ కుటుంబాలవారు కావడం వల్ల, పీఠం పెద్ద నగరంలో కాక ఈ జంక్షన్‌లో ఉండటం అసంగతమేమీ కాదు.

మెదక్‌లో ఇంగ్లీషు మిషనరీ పోస్నెట్ కట్టించి 1924లో ప్రారంభించిన చర్చి ఇంగ్లండు నుంచి ఎత్తుకొచ్చినట్టుండే గోథిక్ కట్టడం, అంటే కోసుగా పైకి లేచే కమానులూ శిఖరమూ గల యూరపు శైలిలోనిది; డోర్నకల్‌లో అజరయ్య ఆ దారి పట్టక, దేవాలయ మంటప స్తంభాలనూ మసీదు గుమ్మటాలనూ ఒకే కప్పు కిందికి తెచ్చారు. చూడ్డానికి మెదక్ చర్చే ఘనమైనది, ఆలోచనలో డోర్నకల్‌దే పైచేయి. ఇరవై ఏళ్లకు పైగా సాగిన ఆ నిర్మాణాన్ని, తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన క్రీస్తును దర్శించిన ఎపిఫనీ పండుగనాడు, 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే మరణించారు. 1947లో ఆ డయోసిస్ దక్షిణ భారత సంఘంలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిసింది. పీఠం ఏర్పడి నూరేళ్లు దాటాక 2018లో ఊరు పురపాలక సంఘమైంది గానీ, ఆ హోదాకూ పీఠానికీ సంబంధం లేదు.