99.95 డాలర్ల స్టీరియో

1947లో బ్రిటన్‌లోని ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో డి.టి.ఎన్. విలియమ్సన్ అనే ఇంజినీరు ఒక వాల్వ్ ఆంప్లిఫయర్ సర్క్యూట్ ప్రచురించాడు. 15 వాట్ల శక్తి, పాటలో వక్రీకరణ 0.1 శాతానికి మించదు! సోల్డరింగ్ తెలిసిన ఔత్సాహికులు దాని మీద పడ్డారు. చిక్కంతా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌తోనే. అందులో తీగ చుట్టిన తీరు బాగోకపోతే ఎంత మంచి సర్క్యూట్ అయినా వృథా.

అదే ఏడాది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో హీత్ కంపెనీ ఆసిలోస్కోప్ కిట్ తెచ్చింది. ఒకప్పుడు విమానాల కిట్లు అమ్మిన సంస్థే, యుద్ధంలో మిగిలిపోయిన విడిభాగాలు కొని ఈ పనికి దిగింది. ఆ వెనుకే ఆంప్లిఫయర్లూ వచ్చాయి. హీత్‌కిట్ అసలు గొప్పతనం దాని పుస్తకానిది. ప్రతి అంచెకూ పక్కన ఖాళీ బ్రాకెట్లు. పని కాగానే పెన్సిలుతో టిక్కు పెట్టుకోవాలి. ఏ కొసకు ఇప్పుడే సోల్డర్ పెట్టాలో, ఏది ఇంకో తీగ వచ్చేదాకా ఆగాలో కూడా రాసేవారు. కొత్తవాడి చెయ్యి పట్టుకుని నడిపించిన రాత అది.

ట్రాన్స్‌ఫార్మర్ సంగతి బాగా తెలిసినవాడు డేవిడ్ హాఫ్లర్. 1955లో ఎడ్ లారెంట్‌తో కలిసి ఫిలడెల్ఫియాలో డైనాకో మొదలుపెట్టాడు. 1959 నాటి స్టీరియో 70 కిట్ ధర 99.95 డాలర్లు, నాలుగు ఈఎల్34 వాల్వులు, చానెల్‌కు 35 వాట్లు. పొరపాటు జరిగితే పాట పాడయ్యే సున్నితమైన సర్క్యూట్‌ను ప్రింటెడ్ బోర్డు మీద ఫ్యాక్టరీలోనే బిగించి ఇచ్చేవారు.

కిట్ బిగించాక చివరి పని బయాస్, అంటే వాల్వుల్లో నిలకడగా పారే కరెంటు, సర్దడం. 15.6 ఓమ్‌ల రెసిస్టర్ మీద 1.56 వోల్టులు వచ్చేదాకా తిప్పాలి. అంటే ఒక్కో చానెల్‌లోని రెండు వాల్వులకూ కలిపి 100 మిల్లీయాంపులు. కొత్త టార్చి సెల్లు వోల్టేజీ కూడా దాదాపు అంతే! చవక మీటరు ఉన్నవాడు ముందు సెల్లుకు తగిలించి ముల్లు ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుంటే చాలు. కొనేవాడి ఇంట్లో ఉండే వస్తువుతో ఇంతగా కలిసొచ్చిన అంకె అరుదు.

మనుషులే తీగలు అతికే రోజుల్లో ఆ కూలి మిగలడం వల్లే కిట్ చవకయ్యేది. యంత్రాలే బోర్డులు బిగించడం మొదలయ్యాక ఆ లాభం పోయింది. 1992లో హీత్‌కిట్ కిట్లు ఆపేసింది. స్టీరియో 70 మాత్రం 3.5 లక్షలకు పైగా అమ్ముడైంది. కెపాసిటర్లు మార్చి, కొత్త బోర్డులు వేసి వాటిని ఇప్పటికీ మోగిస్తున్నారు. చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మర్లు నాటివే.