గొఱ్ఱె లేని ఉన్ని

ధనుర్మాసపు తెల్లవారుజామున గోదావరి గట్టున నడిచేవారిని గమనిస్తే, మా ప్రాంతపు వేషంలో వచ్చిన మార్పు ఇట్టే తెలుస్తుంది. నా బాల్యంలో ఆ వేళకు బయటకు వచ్చినవారు తలమీదుగా దుప్పటి కప్పుకొని, చేతులు లోపల దాచుకొని నడిచేవారు. ఇప్పుడు పాలు పోసే కుఱ్ఱవాడు మొదలు పింఛనుదారు వఱకు, మెడదాకా జిప్పు లాగిన మెత్తని కోటు. దానిని ఫ్లీస్ అంటారు.

పేరు గుఱించి రెండు మాటలు. పాత వృత్తి వాసన వదలదు కదా! ఆంగ్లంలో ఫ్లీస్ అనగా గొఱ్ఱె ఒంటినుండి కత్తిరించి తీసిన ఉన్ని. మన 'ఉన్ని' సంస్కృత 'ఊర్ణ'కు వికృతి. సాలెపురుగుకు ఊర్ణనాభమని పేరు, నాభిలో ఊర్ణ గలది కనుక. ఈ కొత్త ఉన్నికి గొఱ్ఱెతో సంబంధం లేదు గాని సాలెపురుగుతో కొంత ఉన్నది. పెట్రోలియం నుండి తీసిన పదార్థాలతో పాలియెస్టరు చేసి, కరగించి, సన్నని రంధ్రాలగుండా నెట్టి దారం తీస్తారు.

ఆ పాలియెస్టరు దారాన్ని 1941లో ఇంగ్లాండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు కనిపెట్టారు. దానికి టెరిలీన్ అని పేరు వచ్చింది. మనవారి నోట అది 'టెర్లిన్' అయింది. టెర్లిన్ చొక్కా తొడిగిన పెళ్ళికొడుకును ఊరంతా చూసిన రోజులు నాకు జ్ఞాపకమే. ఇస్త్రీ అక్కఱలేదు, నలగదు. కాని వైశాఖమాసంలో తొడిగితే నరకం. పాలియెస్టరు తన బరువులో నూటికి అర పాలైనా తేమను లోనికి పీల్చదు. చెమట ఒంటిమీదనే నిలిచిపోయేది.

ఎండకాలంలో దోషమైన ఆ గుణమే చలికాలంలో అక్కఱకు వచ్చింది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన మాల్డెన్ మిల్స్ వారు పాలియెస్టరు దారాన్ని ఉచ్చులుగా అల్లి, తీగ బ్రష్షులతో గీకి నూగు లేపి, పైపైన కత్తిరించి ఒక బట్ట తయారు చేశారు. ఆ నూగులో చిక్కుకున్న గాలియే వెచ్చదనం. మిల్లు యజమాని ఆరన్ ఫాయర్‌స్టీన్ ఆ బట్టకు పేటెంటు తీసుకోలేదు. అందువలన ఎవరైనా నేయగలిగారు, ధర దిగింది.

1995 అనగానే కోనసీమవారికి పాశర్లపూడి మనసులో మెదులుతుంది. జనవరి 8న అంటుకున్న ఆ చమురుబావి మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. అదే సంవత్సరం డిసెంబరు 11న మాల్డెన్ మిల్స్ కాలిపోయింది. పని పోయినదనుకున్న సుమారు మూడువేలమందికి, మిల్లు మళ్ళీ లేచే లోపల నెలల తరబడి ఫాయర్‌స్టీన్ జీతాలిచ్చాడు. అప్పుల భారంతో 2001లో ఆ సంస్థ దివాలా అర్జీ పెట్టుకున్నది. వ్యాపారంలో ఓడినా నా దృష్టిలో ఆయన పెద్దమనిషి.

మా డెల్టాకు ఈ బట్ట లూధియానా మీదుగా వచ్చింది. చలికాలంలో టిబెట్టు శరణార్థులు మన పట్టణాలలో పెట్టే స్వెట్టర్ల దుకాణాలు అందఱికీ తెలిసినవే. 2003లో అటువంటి దుకాణంలోనే మా నాన్నగారికి ఒక ఫ్లీసు కోటు కొన్నాను.

ఆయన కౌలు రైతు. సంక్రాంతి ముందు కళ్ళంలో వరికుప్పకు కాపలా పడుకొనేవారు. ఉన్నది ఒక్క కంబళి. మంచుకు తడిసి మోయలేని బరువై ఇంటికి వచ్చేది. అమ్మ దానిని గోడమీద ఆరవేస్తే, పొద్దుగూకేసరికి పైన ఆరి లోపల చెమ్మగానే ఉండేది. ఆ చెమ్మతోనే మళ్ళీ వెళ్ళేవారు. తడిసినా ఉన్ని కొంత వెచ్చదనం ఇస్తుంది, నిజమే. కాని ఆయన ఉబ్బసానికి ఆ సంగతి తెలియదు. మా సీమ చలి మంచుగడ్డల చలి కాదు, తడి చలి. బీదవాడు రాత్రి కప్పుకొని, ఉదయం ఉతికి, సాయంకాలానికి పొడిగా మళ్ళీ తొడుగుకొనగల వెచ్చని బట్ట ఇంతకు మునుపు మాకు లేదు.

కోటు చూసి నాన్నగారు, "ఏరా, ముసలితనంలో నాకు ప్లాస్టిక్ గుడ్డ కప్పుతావా?" అన్నారు. నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరే ఇంగ్లీషువారి నోట మడపోలం అయి ఒక నూలుబట్టకు పేరుగా నిలిచిన సీమలో, ఆ మాట రావడం సహజమే. రెండు రాత్రులు కొక్కేనికే వేలాడింది. మూడవనాడు తొడిగారు. ఆపైన ఉతకడానికి అడిగినా ఇచ్చేవారు కాదు.

ఆయనను ఒక్కచోటికి మాత్రం ఆ కోటుతో పోనివ్వలేదు: భోగిమంట దగ్గఱకు. నిప్పురవ్వ పడితే పాలియెస్టరు కరిగి చర్మానికి అంటుకుంటుంది. చలిమంట కాచుకొనే అలవాటున్న మనకు ఇది చిన్న విషయం కాదు.

ఇంకొక చిక్కు తరువాత తెలిసింది. వాడిపారేసిన సీసాలనుండి ఫ్లీసు చేయడం 1993లోనే పటగోనియా కంపెనీ మొదలుపెడితే, సముద్రతీరాల ఇసుకను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2011లో, ఒక్క వస్త్రం ఒక్క ఉతుకులో 1900కు పైగా పీచులు రాల్చగలదని వ్రాశారు. ఆ నీళ్ళు మన ఇంటి తూముగుండా కాలువకూ, గోదావరికీ పోయేవే.

నాన్నగారి కోటు ఇప్పుడు నేను తొడుగుతున్నాను. మోచేతుల దగ్గఱ నూగు అరిగి ఉండలు కట్టింది. మా ఇంటావిడ దానిని చలికాలానికి రెండుమార్లే, బకెట్టులో చేత్తో ఉతికి, ఆ నీళ్ళు తూములో పోయక పాతగుడ్డలో వడగడుతున్నది. గుడ్డమీద మిగిలిన నీలపు పీచును నిన్న చిటికెడు తీసి చూపించింది.