ఈదీ: పండుగ కానుక చరిత్ర

రంజాను ఉపవాసాలు ముగిసి, షవ్వాల్ నెలవంక కనిపించిన మరునాడు, పండుగ నమాజు చేసివచ్చిన పెద్దలు పిల్లల చేతిలో కొంత డబ్బు పెడతారు. హైదరాబాదులో దీనిని 'ఈదీ' అంటారు. అరబ్బులకు ఇది 'ఈదియ్య'. ఇది ధర్మశాస్త్రం విధించిన విధి కాదు, కేవలం ఆచారం. అయితే ఈ ఆచారం పక్కనే ఒక విధి కూడా ఉంది. ఆ రెంటినీ కలిపి చూసినప్పుడే ఈదీ అంతరార్థం బోధపడుతుంది.

ఆ విధి పేరు ఫిత్రా దానం. హిజ్రీ 2వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 624లో, ఇది విధి అయింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖనం ప్రకారం, స్త్రీ పురుషులు, పిన్నలు పెద్దలు, స్వతంత్రులు బానిసలు అన్న భేదం లేకుండా ప్రతి ముస్లిం తరఫునా ఒక 'సా' ఖర్జూరం గాని, బార్లీ గాని ఇవ్వాలని దైవప్రవక్త (స) నిర్ణయించారు. ఒక 'సా' అంటే సుమారు నాలుగు దోసిళ్ళు. పసివాని పక్షాన తండ్రి ఇస్తాడు. అదీ పండుగ నమాజుకు ముందే! అంటే, బిడ్డ కానుక అందుకోవడానికి ముందే అతని పేరిట ఒక పేదవాని ఇంటికి ఆహారం చేరుతుందన్నమాట.

పండుగ కానుకలు రాజ్యవ్యవస్థలో భాగమైన తీరును ఫాతిమీల ఈజిప్టులో చూడవచ్చు. 973లో కైరో చేరిన ఖలీఫా అల్ ముయిజ్ వస్త్రాల పంపిణీకై ఒక ప్రత్యేక భవనం ఏర్పాటు చేశాడనీ, అతని కుమారుడు అల్ అజీజ్ పండుగ మిఠాయిల తయారీకి 'దారుల్ ఫిత్ర' నెలకొల్పాడనీ చరిత్రకారుడు మఖ్రీజీ (మరణం 1442) వ్రాశాడు. ఉద్యోగులకే గాక వారి భార్యాబిడ్డలకు కూడా దుస్తులు అందేవి. ఈదుల్ ఫిత్ర్‌కు 'వస్త్రాల పండుగ' అన్న పేరే వచ్చింది. కాని ఆ కానుకలు హోదాను బట్టి ఉండేవి. తండ్రి స్థానమే బిడ్డ వస్త్రాన్ని నిర్ణయించేది.

1171లో ఫాతిమీ రాజ్యం అంతరించింది. పండుగ కానుక మాత్రం కుటుంబాల్లో నిలిచింది. టర్కీలో పిల్లలు పెద్దల చేతిని ముద్దాడి నుదుటికి ఆనించుకుంటారు. బదులుగా మిఠాయి, చిల్లర నాణేలు లభిస్తాయి. మలేషియాలో డబ్బును ఆకుపచ్చ కవరులో పెట్టి ఇస్తారు. చీనీయులు తమ నూతన సంవత్సరానికి ఇచ్చే ఎర్ర కవరే దీనికి మూలం. ఇరుగుపొరుగు సంస్కృతులు పరస్పరం ఎంత సహజంగా స్వీకరించుకుంటాయో చెప్పడానికి ఇదొక నిదర్శనం.

ఈ ఆచారంలో ఒక చిక్కు కూడా ఉంది. బంధుబలగం, కలిమి ఉన్న ఇంటి బిడ్డకు జేబు నిండుతుంది. అనాథకు ఇచ్చేవారెవరు? ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్' కథలో తల్లిదండ్రులు లేని హామిద్ సంతకు తీసుకెళ్ళింది మూడు పైసలే. తోటి పిల్లలు బొమ్మలు కొనుక్కుంటుండగా, రొట్టెలు కాల్చేటప్పుడు చేతులు కాల్చుకునే నాయనమ్మ కోసం అతడు పట్టకారు కొన్నాడు.

ఈదీ బంధుత్వాన్ని అనుసరించి సాగుతుంది. ఫిత్రా అవసరాన్ని వెతుక్కుంటూ వెళుతుంది. మొదటిది పిల్లవానికి పుచ్చుకోవడంలోని ఆనందాన్ని రుచి చూపిస్తే, రెండవది అతడిని దాతల వరుసలో నిలుపుతుంది. పండుగనాడు బిడ్డ చేతిలో కొత్త నోటు పెట్టే పెద్దలు, ఆ ఉదయమే అతని పేరిట ఇచ్చిన నాలుగు దోసిళ్ళ ధాన్యం సంగతి కూడా చెప్పగలిగితే, ఆ కానుక సంపూర్ణమవుతుంది.