సహవాసమును విశ్వాసమును



ఒకే నీటిబొట్టు కాలిన యినుముమీద నొకవిధముగను, తామరాకుమీద నొకవిధముగను, ముత్తెపుచిప్పలో మఱియొకవిధముగను అగునని చెప్పెడి ఏనుగు లక్ష్మణకవి పద్యము మీలో పెక్కుమందికి కంఠస్థమే. క్రైస్తవుల గ్రంథమునందును ఇట్టి హెచ్చరిక కలదు. కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి లేఖలో పౌలు చెడ్డవారి పొత్తునుగూర్చి చెప్పిన మాట మెనాండరు అను గ్రీకు నాటకకర్తనుండి గైకొన్నదని పండితులు చెప్పుదురు. భాగవతులకు పుట్టినిల్లయిన కూచిపూడి వారికి, నాటకములోని మాట వేదగ్రంథమున చేరిన యీ సంగతి ముచ్చట గొల్పకపోదు.

అయితే నేడు నేను చెప్పదలచినది నీతి కాదు, చరిత్ర. మన కృష్ణామండలమున క్రైస్తవవిశ్వాసము వేరూనిన దినములలో, సహవాసము దానిని పెంచినదా, త్రుంచినదా?

కూచిపూడికి ఒక పూట ప్రయాణములో నున్న బందరునకు 1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షమున రాబర్టు టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్సు అను ఇరువురు వచ్చిరి. ఫాక్సు ఊరూర తిరిగి బోధించెడివాడు, 1848లోనే మరణించెను. నోబుల్ మాత్రము 1843లో ఒక పాఠశాల పెట్టి దానినే అంటిపెట్టుకొని యుండెను. ఆయనకు పెండ్లి లేదు. మరల స్వదేశమునకు పోలేదు. పై కులముల పిల్లలకు ఇంగ్లీషుతోపాటు బైబిలును చెప్పుటయే ఆయన జీవితము. ఆ పిల్లల సహవాసము చెడకుండుటకై ఆయన కులకట్టుబాట్లకు తల యొగ్గి, అంటరానివారని యెంచబడినవారి బిడ్డలను బడిలో చేర్చుకొనలేదు. క్రీస్తు పేర వచ్చినవాడు ఇట్లు చేయుట తగునా యని ఆనాడే కొందఱడిగిరి. నాకును అది రుచింపదు.

తొమ్మిదేండ్లు గడచినవి. 1852లో మంచాల రత్నము అను బ్రాహ్మణ యువకుడును, ఐనాల భూషణము అను వెలమ యువకుడును ఇల్లు విడచి నోబుల్ యింటికి వచ్చి బాప్తిస్మము పొందిరి. బంధువులు గుంపుగా ఆ యింటిమీదికి వచ్చిరి. బడి ఖాళీ యయ్యెను. ఏ సహవాసమును నిలుపుకొనుటకై నోబుల్ అంతటి రాజీ చేసికొనెనో, ఆ సహవాసము ఒక్క దినమున చెదరిపోయెను. కొంతకాలమునకు గాని పిల్లలు తిరిగి రాలేదు.

ఆ తల్లిదండ్రుల దుఃఖమును మనము తేలికగా చూడరాదు. కూచిపూడి అగ్రహారమునే తలంపుడు. ఆ కుటుంబములు ఒక్కచోట కూడి యుండుటవలన గదా భామాకలాపము తండ్రినుండి కొడుకునకు దిగివచ్చినది! అట్టి యింటినుండి పదునెనిమిది, ఇరువదేండ్ల వాడు వెడలిపోవుట యనగా అన్నముతోపాటు పండుగలు, పాటలు, పెండ్లిసంబంధములు, తుదకు కర్మకాండయు తెగిపోవుటయే. రత్నమునకును భూషణమునకును మిగిలినది ఒక్క గురువు ఇల్లు. ఆ చిన్న సహవాసమే వారిని పండ్రెండేండ్లు నిలిపినది. 1864లో ఇరువురును గురుపట్టము పొందిరి. ఆ యేడే నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన బందరును ముంచి ముప్పదివేల ప్రాణములను బలిగొన్నది. మఱుసటి యేట నోబుల్ కాలధర్మము నొందెను. ఆయన మార్గమున వచ్చినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారే. కాని వచ్చినవారు గట్టివారు.

ఇక బెజవాడకు ఎగువ భాగమునకు పోదము. రాఘవాపురమను గ్రామమున పగోలు వెంకయ్య యను మాల పెద్ద యుండెను. విగ్రహములు దేవుడు కావనియు, దేవుడొక్కడే యనియు ఒక మిషనరీ చెప్పిన మాటను ఆయన 1849 ప్రాంతమున ఒక మిత్రునివలన వినెను. గమనింపుడు: ఆయనకు ఆ మాట నందించినది బోధకుడు కాదు, ప్రక్కన కూర్చుండెడి స్నేహితుడు. పదేండ్లపాటు వెంకయ్య ఆ యెఱుగని దేవుని తనకు తోచినట్లు ప్రార్థించుచు, చుట్టుపట్లవారికి చెప్పుచు వచ్చెను. పిమ్మట కృష్ణాస్నానపర్వమునకు బెజవాడ వచ్చినపుడు డార్లింగు దొరను కలిసికొనెను. 1859లో వెంకయ్యయు ఆయన వెంట మఱికొందఱును బాప్తిస్మము పొందిరి.

బందరులో ఒక్కొక్కడు తనవారిని విడచి వచ్చెను. ఇచ్చట తనవారిని వెంటబెట్టుకొని వచ్చిరి. వాడ వాడగానే యుండెను. వియ్యంపు ఊళ్ళకును మార్గము తెఱవబడెను: ఇచ్చటి ఆడపడుచు అత్తవారింట చెప్పును, అచ్చటి బావమఱది వచ్చి వినును. పగలెల్ల పొలమున పని చేసినవారు రాత్రి దీపము పెట్టుకొని పాఠము వల్లించెడివారు. అమ్మవారి జాతరలో చేయవలసిన ఊడిగము మానుటయు, నాట్ల దినములలో ఆదివారము పని మానుటయు ఒంటరి కుటుంబమునకు సాధ్యములు కావు. ఆసామి మఱుదినమే పని మాన్పించును. పది కుటుంబములు కలిసి అడిగినపుడు ఆసామికిని ఆలోచింపక తప్పదు. అయితే వాడతో వచ్చినపుడు వాడలోని పాత అలవాటులును వచ్చును. కల్లు, పోట్లాట, సోది అడుగుట—వీనితో సంఘపు పెద్దలు చిరకాలము పెనగులాడవలసి వచ్చెను.

ఒంగోలు కథ ఈ రెంటికి నడుమ నిలుచును. అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో అచ్చటికి వచ్చెను. ఆ యేడే ఎఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద బాప్తిస్మము పొందెను. అంతకుమున్నే యోగమార్గపు గురువులను సేవించి, సత్సంగమున మనస్సు పదును పెట్టుకొన్నవాడాయన. పేరయ్యవారు రాగా బ్రాహ్మణులు తమ పిల్లలను బడికి పంపమనిరి. నోబులునకు వచ్చిన ప్రశ్నయే క్లౌ దొరకును వచ్చెను. ఆయన పౌలు లేఖ తెఱచి, లోకమున ఘనులు కానివారిని దేవుడు పిలిచెనన్న భాగమును చూచి, మాదిగవారి పక్షమున నిలిచెనని చెప్పుదురు. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన కఱవులో ఆయన బకింగుహాము కాలువలో కొంతభాగము త్రవ్వించు పని గుత్తకు తీసికొని వేలమందికి కూలి యిప్పించెను. బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి మోసినవారు విరామమున వారి చెంత కూర్చుండి వినెడివారు. అన్నముకొఱకు మతము పుచ్చుకొందురేమోయని క్లౌ ఆ కాలమున బాప్తిస్మము లీయ మానెను. పని ముగిసిన పిదప, 1878 జూలై 3వ తేదిని, వెల్లంపల్లి కడ గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ‘బియ్యపు క్రైస్తవు’లని ఎగతాళి చేయువారు ఈ యాగిన నెలలను మఱతురు.

ఇంతవఱకు సహవాసము చేసిన మేలు చెప్పితిని. అది కట్టిన గోడయు కలదు. కృష్ణాప్రాంతపు ఆంగ్లికను సంఘములలో మాలలు హెచ్చిరి, ఒంగోలు బాప్తిస్టు సంఘములలో మాదిగలు హెచ్చిరి. మొదట ఎవరు వచ్చిరో వారి బంధువులే పిమ్మట వచ్చిరి. ఒక వాడవారు ఒక మిషనులో చేరిన, రెండవ వాడవారు దూరముగా నుండుటయో, వేఱొక మిషనును వెదకుకొనుటయో పెక్కుచోట్ల జరిగెను. విశ్వాసమును లోనికి తెచ్చిన చుట్టఱికమే పొరుగువానిని వెలుపల నుంచెను.

1947 సెప్టెంబరు 27వ తేదిని మద్రాసు సెయింటు జార్జి దేవాలయమున దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియనులు, కాంగ్రిగేషనలు వారు ఒకటైరి. సీమలో పుట్టి ఓడలమీద వచ్చిన భేదములలో పెక్కు ఆనాడు తీఱినవి. ఒంగోలు బాప్తిస్టులు అందు చేరలేదు. ఒకే చెఱువు గట్టున నున్న రెండు పల్లెలు మఱునాటి ఆదివారమును ఎప్పటివలె రెండు వేఱు గుడులకు పోయినవి.