డేగానా టంగ్‌స్టన్ గని: శిలా స్వరూపం, తవ్వకాల తీరు

రాజస్థాన్ రాష్ట్రం నాగౌర్ జిల్లాలోని డేగానా, జోధ్‌పూర్–ఫులేరా రైలు మార్గంలో ఒక జంక్షన్. ఆ పట్టణ సమీపంలో చదునైన నేల నడుమ రేవత్ గుట్ట కలదు. ఎత్తులో సామాన్యమైనదే అయినా దేశ ఖనిజ చరిత్రలో దానికి ప్రత్యేక స్థానమున్నది. టంగ్‌స్టన్ ముడిఖనిజాన్ని చెప్పుకోదగిన స్థాయిలో ఉత్పత్తి చేసిన గనులు దేశంలో బహు స్వల్పం. వాటిలో డేగానా ఒకటి కాగా పశ్చిమ బెంగాల్, బాంకురా జిల్లాలోని ఛెందాపత్థర్ మరొకటి. కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో టంగ్‌స్టన్ చేరడంతో ఈ మూతపడిన గని పేరు మళ్లీ వార్తలలో వినవస్తున్నది. పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం దీని పూర్వాపరాలు ఇక్కడ పొందుపరచడమైనది.

భూగర్భ స్వరూపం: ఈ ప్రాంతంలోని ప్రాచీన ఫిల్లైట్ శిలలలోకి కరిగిన గ్రానైట్ చొచ్చుకువచ్చింది. ఆ గ్రానైట్ చల్లారే దశలో మిగిలిన వేడి ద్రవాలు పగుళ్ల వెంట పైకెగసి, క్వార్ట్జ్ నాళాలుగా గట్టిపడ్డాయి. వాటితోపాటే ఇనుము, మాంగనీసు, టంగ్‌స్టన్ కలిసిన వోల్‌ఫ్రమైట్ అనే నల్లని ఖనిజం ఏర్పడింది. నాళాల అంచులలో గ్రానైట్ స్వభావమే మారిపోయి, అభ్రకం, క్వార్ట్జ్ నిండిన ‘గ్రైసెన్’గా రూపొందింది. ఫ్లోరైట్, టోపాజ్, లిథియం కలిగిన జిన్‌వాల్డైట్ అభ్రకం కూడా ఇక్కడ లభిస్తాయి. రేవత్ గుట్టతోపాటు పక్కనున్న టిక్లీ గుట్ట, ఫిల్లైట్ గుట్టలలోను ఈ ఖనిజీకరణ కనిపిస్తుంది. యుగాల తరబడి ఎండకు, వానకు కొండ శిథిలమై గుట్టల పాదాన పేరుకున్న గులకరాళ్ల పొరలలోను వోల్‌ఫ్రమైట్ చేరింది. అందుచేత ఇక్కడి నిక్షేపాలు నాళాలు, గులక పొరలు అని రెండు తరగతులుగా చెప్పబడుతున్నాయి.

భారత గనుల బ్యూరో ప్రచురణల ప్రకారం నాళాలలో టంగ్‌స్టన్ ఆక్సైడ్ 0.25 నుంచి 0.54 శాతం, గులక పొరలలో సగటున 0.04 శాతం మాత్రమే. ఈ దశాంశ బిందువు పక్కన సున్నాలను తేలికగా తీసుకోరాదు. విపణిలో అమ్ముడయ్యే సాంద్రీకృత ఖనిజంలో సుమారు 65 శాతం ఆక్సైడ్ ఉండాలి. అటువంటి ఒక టన్ను సరుకు తయారీకి, రవ్వంత కూడా వృథా కాదనుకున్నా, మేలైన నాళం నుంచి 120 టన్నులు, నాసి నాళం నుంచి 260 టన్నుల రాయి తవ్వాలి. గులక పొరలైతే 1,625 టన్నులు కావాలి. గని భవితవ్యాన్ని నిర్ణయించినది ప్రధానంగా ఈ లెక్కయే.

రాయిని పిండి చేసిన తరువాత వోల్‌ఫ్రమైట్‌ను వేరుచేయడానికి దాని బరువే ఆధారం. క్వార్ట్జ్ సాంద్రత 2.65 కాగా వోల్‌ఫ్రమైట్‌ది 7కు పైమాటే. నీటి ప్రవాహంలో తేలిక రాయి కొట్టుకుపోగా బరువైన ఖనిజం అడుగున నిలుస్తుంది. దానికి స్వల్ప అయస్కాంత గుణం కూడా ఉన్నందున శక్తిమంతమైన అయస్కాంతాలతో మరింత శుద్ధి చేయవచ్చు.

డేగానాలో తవ్వకాలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, నాటి జోధ్‌పూర్ సంస్థానంలో ఆరంభమయ్యాయి. వేడెక్కినా పదును కోల్పోని ఉక్కు పనిముట్లకు, ఆయుధాలకు టంగ్‌స్టన్ అత్యవసరం కావడమే అందుకు కారణం. దాని ద్రవీభవన స్థానం 3,422 డిగ్రీల సెల్సియస్. లోహాలలో అదే అత్యధికం. యుద్ధాలు వచ్చినప్పుడు గిరాకీ పెరగడం, శాంతి నెలకొన్నాక ధర పడిపోవడం ప్రపంచవ్యాప్తంగా చిన్న టంగ్‌స్టన్ గనులన్నిటి అనుభవమే. స్వాతంత్ర్యానంతరం కూడా ఇక్కడ పని సాగింది. చైనా నుంచి చౌకగా సరుకు వచ్చిపడుతుండగా, 1990వ దశకంలో ఉత్పత్తి నిలిచిపోయింది.

ఇప్పుడు పరిస్థితి తారుమారైంది. ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు చైనాదే. ఆ దేశం 2025 ఫిబ్రవరిలో టంగ్‌స్టన్ ఎగుమతులపై నియంత్రణలు విధించింది. అయినంత మాత్రాన పాత గని రేపే తెరుచుకుంటుందని రాయడం తొందరపాటు. 2015 జాతీయ ఖనిజ పట్టిక ప్రకారం దేశంలో 8.739 కోట్ల టన్నుల టంగ్‌స్టన్ ముడిఖనిజం ఉన్నది. అందులోని ఆక్సైడ్ 1,42,094 టన్నులు. ఇదంతా ‘వనరు’ మాత్రమే. లాభసాటిగా తవ్వదగిన ‘నిల్వ’గా అందులో ఒక్క టన్ను కూడా నమోదు కాలేదు. ఈ రెండు మాటలను పర్యాయపదాలుగా వాడటం మన పత్రికలలో తరచు జరుగుతున్న పొరపాటు.

2023 మే నెలలో డేగానాలో భారీ లిథియం నిక్షేపాలు బయటపడ్డాయని వార్తలు వెలువడినప్పుడు, అవి నిరాధారమని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వివరణ ఇవ్వవలసి వచ్చింది. అక్కడి అభ్రకంలో లిథియం ఉన్నమాట నిజమే. అయితే ఉనికి వేరు, పరిమాణం వేరు.

ఆ పట్టిక ప్రకారమే వనరులలో కర్ణాటకకు 42 శాతం, రాజస్థాన్‌కు 27 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 17 శాతం వాటా కలదు. పూర్వపు తూర్పు గోదావరి జిల్లా బూరుగుబండ ప్రాంతంలో ఖొండలైట్ శిలలలోని గ్రాఫైట్‌తో కలిసి టంగ్‌స్టన్ ఉండటం డేగానాకు పూర్తిగా భిన్నమైన పరిస్థితి. అక్కడి అంచనాలకు డేగానా శాతాలను అన్వయించరాదు. 2023 ఆగస్టులో సవరించిన గనుల చట్టం మేరకు టంగ్‌స్టన్ సహా 24 ఖనిజాల వేలం అధికారం కేంద్రానిదే; లీజు మంజూరు, రాబడి మాత్రం రాష్ట్రానివి.