బంజరు అనే మాట, కలివికోడి అనే పిట్ట

ఆ ఏడాది రంజాన్ ఏప్రిల్‌లో వచ్చింది. సహెరీకి లేచి డాబా ఎక్కితే, దూరంగా గుట్ట మీద ఎర్రటి గీత ఒకటి కనిపించింది. నెమ్మదిగా పైకి పాకుతోంది. ఫజర్ నమాజు తర్వాత బండి తీసుకుని వెళ్లాను. అప్పటికే మంట గుట్ట అవతలికి దిగింది. ఇవతల నల్లటి నేల, పొగ, కాలిన గడ్డి వాసన మిగిలాయి. వార్త రాసి పంపితే డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది.

"ప్రాణనష్టం ఉందా?"

"లేదండీ."

"ఆస్తినష్టం?"

"లేదు."

మర్నాడు నాలుగు లైన్ల వార్త వచ్చింది. డెస్క్ వాళ్లను తప్పుపట్టలేను, వాళ్లు అడగాల్సిందే అడిగారు. కాని నేను ఫోన్లో జవాబు చెబుతున్నప్పుడు నా నెత్తి మీద ఒక తీతువు గింగిరాలు తిరుగుతూ అరుస్తూనే ఉంది. తీతువు గూడు కట్టదు. ఎండాకాలంలో ఖాళీ నేల మీద, రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. ఎవరైనా దగ్గరికి వస్తే అలాగే నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంది. అది తెలిసి కూడా నేను "లేదండీ" అన్నాను. ఆ అబద్ధానికి కఫ్ఫారా ఈ వ్యాసం అనుకోండి.

మా అబ్బాకు పిట్టలు బాగా తెలుసు. అందుకే నాకు వాటి పేర్లు రెండేసి వచ్చాయి. ఇంట్లో తీతర్, వీధిలో కౌజు. ఇంట్లో బటేర్, వీధిలో పూరేడు. ఇంట్లో టిటిహరి, వీధిలో తీతువు. ఉర్దూ మీడియం బడిలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసేటప్పుడు మరో సంగతి తెలిసింది. నేను అచ్చ తెలుగు అనుకున్న మాటల్లో చాలా మా ఇంటివే. తహసీలు, జమాబందీ, రైతు, బంజరు. ఈ చివరి మాట కథే ఇప్పుడు చెప్పబోయేది. బంజర్ అంటే ఏమీ పండని నేల. రెవెన్యూ దఫ్తర్లో ఆ ఒక్క మాట పడితే చాలు, ఆ నేల మీద ఏది బతుకుతోందని అడిగే నాథుడు ఉండడు.

దఫ్తర్ అన్నాను కాబట్టి ఇంకో దఫ్తర్ గురించి కూడా చెప్పాలి. 1931లో తిరువూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పొలిమేర దాటి ఖమ్మం వైపు పోతే నిజాం ఇలాకా. ఆ ఏడాదే నిజాం సర్కారు మద్దతుతో హైదరాబాద్ సంస్థానంలోని పిట్టల సర్వే మొదలైంది. చేసినవారు బొంబాయి వాసి సలీం అలీ. 1896లో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకుని, మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ ఇంట్లో పెరిగిన మనిషి. అప్పటికి ఆయనకు ఉద్యోగం లేదు. భార్య తెహ్మీనా కూడా ఆయన వెంట అడవుల్లో మకాం వేసింది. నల్లమలలోని అమ్రాబాద్ గుట్టల మీద, ఫరాహాబాద్ దగ్గర కూడా మజిలీ చేశారు. ఏ పిట్ట ఎక్కడ, ఎలాంటి చెట్లలో, ఏ నెలలో కనిపించిందో ఒక్కొక్కటీ రాసుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్ దాన్ని అచ్చువేసింది. తొంభై ఏళ్ల తర్వాత ఈ అడవుల్లో ఏం పోయిందో, ఏం మిగిలిందో పోల్చి చూడటానికి మన చేతిలో ఉన్న అరుదైన గవాహీ అది.

అదే అమ్రాబాద్ అడవి ఇప్పుడు టైగర్ రిజర్వు. ఎండాకాలం వస్తే అక్కడా మంటలే. ఆకులు రాల్చే అడవి కాబట్టి ఫిబ్రవరి నుంచి మే దాకా నేలంతా ఎండుటాకులు పరుచుకుని ఉంటాయి. తునికాకు చిగుళ్లు బాగా వస్తాయని కొందరు, ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద శుభ్రం చేయాలని కొందరు, బీడీ ముక్క పారేసి కొందరు, మొత్తానికి నిప్పు పెట్టేది ఎక్కువగా మనుషులే. మెరుపు వల్ల అంటుకునేది చాలా తక్కువ.

మంట అన్ని పిట్టలకూ ఒకేలా రాదు. నిప్పు వరస ముందు ఎగిరే మిడతల కోసం పసులపోలిగాళ్లు, పాలపిట్టలు, గద్దలు చేరతాయి. వాటికి అది దావత్. గడ్డి కాలి నేల తేటపడితే, ఖాళీ నేల మీద పరుగెత్తి పురుగులు ఏరుకునే పిట్టలకు కొన్నాళ్లు తిండి దొరుకుతుంది. కౌజు, పూరేడు, నెమలి, నైట్‌జార్ లాంటివి నేల మీదే గుడ్లు పెడతాయి. వాటిలో చాలావాటికి మంటల కాలమూ గుడ్ల కాలమూ కలిసే వస్తాయి. తల్లి ఎగిరిపోగలదు, గుడ్డు ఎగరలేదు. వడ్రంగి పిట్టలు, చిలకలు గూళ్లు పెట్టుకునే ఎండిన పాత చెట్లు కూడా మంటకు ముందుగా కూలతాయి. అయిదారేళ్లకోసారి వచ్చే మంటను అడవి తట్టుకుంటుంది. ఏటా వస్తే చిన్న మొక్కలు పైకి రావు. ఆ ఖాళీల్లోకి లాంటానా చొరబడుతుంది. అది ఎండితే మళ్లీ మంటకు కట్టెపుల్ల అవుతుంది. అసలు ప్రశ్న నిప్పు ఉందా లేదా అన్నది కాదు. ఎన్నేళ్లకోసారి, ఏ నెలలో అన్నది.

ఈ లెక్క ఎంత నాజూకైనదో తెలుసుకోవాలంటే కడప వెళ్లాలి. మన రాష్ట్రంలో తప్ప ఇంకెక్కడా మిగలని కలివికోడి దాస్తాన్ అక్కడిది. కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. రాత్రిపూట తిరిగే, ఛాతీ మీద రెండు పట్టీలున్న చిన్న పిట్ట. ఇంగ్లిష్ వాళ్లు దాన్ని జెర్డాన్స్ కోర్సర్ అన్నారు. సైనిక వైద్యుడు థామస్ జెర్డాన్‌కు దొరికిన ఆ పిట్టకు 1848లో శాస్త్రీయ నామం పెట్టారు. ఆ శతాబ్దంలోనే గోదావరి ఒడ్డున సిరోంచ, భద్రాచలం దగ్గర కూడా కనిపించింది. భద్రాచలం మా తిరువూరుకు ఏమంత దూరం కాదు. అంటే మా తాతల తాతలు దాని కూత విని ఉన్నా ఆశ్చర్యం లేదు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక, 86 ఏళ్లు ఖామోషీ. పిట్ట అంతరించిందనే చాలామంది అనుకున్నారు.

బొంబాయి సొసైటీ వాళ్లు ఆశ వదల్లేదు. పిట్ట బొమ్మలు పట్టుకుని కడప పల్లెల్లో తిరిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ ఆ పిట్టను పట్టుకున్నాడు. పుస్తకాలు పోయిందనుకున్న పిట్టను పొదల్లో తిరిగే మనిషి తెచ్చి చూపించాడు. సలీం అలీ 1987లో కన్నుమూశారు. ఆ కబురు ఆయన బతికుండగానే అందడం ఒక తసల్లీ. తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఆ తర్వాత పరిశోధకులు పొదల మధ్య సన్నటి ఇసుక పట్టీలు పరిచారు. రాత్రి నడిచిన అడుగుల గుర్తులను తెల్లారి చదివారు. ఆ అడుగులు చెప్పిన నిజం ఇది: పొదలు మరీ దట్టమైతే కలివికోడి ఉండదు, మరీ పలచబడితే ఉండదు. మధ్యరకం కావాలి. పొద పక్కన ఖాళీ, ఖాళీ పక్కన పొద. ఆ మధ్యరకాన్ని నిలబెట్టడంలో మేకలూ గొడ్లూ కట్టెలు కొట్టే చేతులూ కూడా ఉన్నాయి. అవి హద్దు మీరితే పొదలు పోతాయి. పూర్తిగా ఆగిపోతే పొదలు కమ్ముకుంటాయి. ఏటా నిప్పు పెట్టినా, బుల్డోజర్ పెట్టినా లెక్క తప్పుతుంది.

బుల్డోజర్ వచ్చింది కూడా. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ పని ఆ పొదల్లోకే చొచ్చుకొచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కమిటీ దాకా పోయి, చివరికి కాలువ దారి మార్చారు. కాని చుట్టూ ఉన్న పొదల నేల పొలాలుగా, నిమ్మతోటలుగా మారుతూనే వచ్చింది. కాగితాల మీద అది ఒట్టి తుప్పల నేల కదా! చాలా ఏళ్లు పిట్ట జాడే లేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి ప్రేమికులు దాని పిలుపును రికార్డు చేశారన్న వార్త చదివి, ఆ రోజు మా ఇంట్లో మిఠాయి పంచాను. ఎందుకో మా పిల్లలకు అర్థం కాలేదు.

కర్నూలు వైపు రోళ్లపాడుది ఇంకో కథ. అక్కడి గడ్డి మైదానంలో బట్టమేక పిట్ట ఉండేది, అబ్బా భాషలో తుగ్దార్. దాని కోసమే 1988లో అభయారణ్యం చేశారు. అయితే కంచె లోపల ఉన్నంత మాత్రాన ఆ పిట్టకు చాలదు. చుట్టూ జొన్న, కొర్ర లాంటి మెట్ట పైర్లలోనూ తిరగాలి. కాలువ నీళ్లు వచ్చి పైర్లు మారాయి. కంచె లోపల జింకలు పెరిగాయి, బట్టమేక దాదాపు కనుమరుగైంది.

ఇలా రాస్తే నీళ్లకు వ్యతిరేకిననుకుంటారేమో. అస్తగ్‌ఫిరుల్లాహ్. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువే మా మెట్టకు జిందగీ ఇచ్చింది. మా మామిడి తోటలు, పత్తి, మిరప అందులోంచే. రైతును కాదని పిట్టను నిలబెట్టమని నేను అనను. నా షికాయత్ ఒక్కటే. నేలను తీసుకునే ముందు అక్కడ ఏముందో రాసుకోవాలి కదా. మనం "బంజరు" అని రాసి, ఏమీ లేదని నమ్మి, తీసుకున్నాం.

ఇప్పుడు ఎక్కడ మంట అంటుకున్నా ఉపగ్రహం చూసి ఫారెస్టు వాళ్ల ఫోన్‌కు సందేశం పంపుతుంది. మంచిదే. కాని ఉపగ్రహానికి మంట కనిపిస్తుంది, గుడ్డు కనిపించదు. అది చూడాల్సింది నేల మీద ఉన్నవాళ్లు. ఎండాకాలం రాకముందే అగ్గి బాటలు గీయడం, ఆకు కోసం నిప్పు పెట్టేవాళ్లతో కూర్చుని మాట్లాడటం, కొమ్మలు నరికి చిగుళ్లు రప్పించే పద్ధతికి కూలి కట్టివ్వడం, ఇవేవీ పెద్ద ఖర్చు పనులు కావు.

ఆ రోజు డెస్క్‌తో మాట్లాడాక తీతువు అరుస్తున్న చోటు చుట్టూ మెల్లగా నడిచాను. కాసేపటికి కనిపించాయి, నాలుగు గుడ్లు. మంట ఆ రాళ్ల చుట్టూ తిరిగి పోయినట్టుంది, మూడడుగుల అవతల గడ్డి బూడిదై ఉంది. అవి బతికున్నాయో, సెగకు ఉడికిపోయాయో బయటి నుంచి చూసి చెప్పలేను. తల్లి కూర్చోవాలంటే నేను వెళ్లిపోవాలి. వెళ్లిపోయాను.

ఆ మర్నాటి నుంచి గుట్ట మంట వార్త రాసినప్పుడల్లా చివర ఒక లైన్ కలుపుతున్నాను: పిట్టలు గుడ్లు పెట్టే కాలమిది. డెస్క్‌లో దాన్ని కొన్నిసార్లు కోసేస్తారు, కొన్నిసార్లు ఉంచుతారు. నేను మాత్రం రాస్తూనే ఉన్నాను.